ఒంగోలు ఎండల్లో చప్పుడు చేయని కంప్యూటర్: ఏ క్యాబినెట్ కొనాలి, ఎలా బిగించాలి

మీ ప్రశ్న సారాంశం ఇదీ. మీరు ఒంగోలులో మేడ మీది గదిలో కూర్చొని ఇంటర్ పిల్లలకు లెక్కల పాఠాలు రికార్డు చేస్తున్నారు. గదికి ఏసీ లేదు, కిటికీ పడమటి వైపు ఉంది. బల్ల మీద పక్కనే ఉన్న కంప్యూటర్ హోరు ప్రతి పాఠంలోనూ వినిపిస్తోంది. అందుకని లోపలంతా ఫోమ్ అతికించి, ముందు భాగం తలుపుతో మూసుకుపోయే ‘సైలెంట్’ క్యాబినెట్ కొని, మదర్‌బోర్డు, ప్రాసెసర్ కొత్తవి వేసి, మిగతా పాత సామాను అందులోకి మార్చాలనుకుంటున్నారు. అలాంటి వాటిలో ఏది మంచిదని అడిగారు. నెల్లూరులో ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్లు బిగిస్తూ, బాగుచేస్తూ ఉన్నవాణ్ని కాబట్టి సూటిగా చెబుతున్నాను. మీ గదికి ఆ రకం క్యాబినెట్ తగదు. దానికి పెట్టే డబ్బులో సగంతో, కొంచెం ఓపికతో, ఇంకా నిశ్శబ్దంగా ఉండే యంత్రాన్ని తయారు చేసుకోవచ్చు.

మూసి ఉండే క్యాబినెట్లు ఎందుకు పుట్టాయో తెలిస్తే మనకు ఎందుకు సరిపడవో కూడా తెలుస్తుంది. 2005లో ఆంటెక్ సంస్థ, నిశ్శబ్ద కంప్యూటర్ల మీద ఏళ్ల తరబడి పరీక్షలు చేసిన మైక్ చిన్ సలహాతో, పీ180 అనే క్యాబినెట్‌ను తెచ్చింది. పక్క పలకలు మూడు పొరలతో ఉండేవి, భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ను అడుగున ప్రత్యేకమైన అరలో పెట్టారు. ఆ కాలంలో కంప్యూటర్‌లో చెవిని ఎక్కువగా బాధించేది హార్డ్ డిస్క్. దాని ఈలను, గరగరను లోపలే ఆపడానికి బరువైన గోడలు నిజంగా పనికొచ్చాయి. ఇప్పుడు హార్డ్ డిస్క్ బదులు మదర్‌బోర్డుకే బిగించుకునే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. అంటే అదే వాడితే, ఆ మందపు గోడలు ఆపవలసిన ప్రధానమైన చప్పుడు మీ కొత్త యంత్రంలో పుట్టనే పుట్టదు. మిగిలేది ఫ్యాన్ల చప్పుడు. దాన్ని తగ్గించాలంటే ఫ్యాన్ నెమ్మదిగా తిరగాలి, ఫ్యాన్ నెమ్మదిగా తిరగాలంటే గాలికి దారి ఉండాలి. ముందు తలుపు ఆ దారినే మూసేస్తుంది.

ఇంకో సంగతి మన ఊళ్లకే సంబంధించినది. ఈ క్యాబినెట్ల మీద ఐరోపాలో, అమెరికాలో వచ్చే పరీక్షలు సాధారణంగా 20 నుంచి 22 డిగ్రీల గదిలో జరుగుతాయి. అక్కడ ప్రాసెసర్ 65 డిగ్రీల దగ్గర నిలబడిందంటే గది కన్నా 43 డిగ్రీలు ఎక్కువ అని అర్థం. అదే యంత్రాన్ని అదే ఫ్యాన్ వేగంతో, మే నెల మధ్యాహ్నం 36 డిగ్రీలున్న మేడ గదిలో నడిపితే ప్రాసెసర్ దాదాపు 79 డిగ్రీలకు చేరుతుంది. మదర్‌బోర్డులో ఉండి ఫ్యాన్ల వేగాన్ని చూసుకునే బయోస్ ప్రోగ్రాం ఊరుకోదు, ఫ్యాన్లను పరుగెత్తిస్తుంది. అక్కడ ‘అసలు వినపడలేదు’ అని రాసిన క్యాబినెట్ ఇక్కడ రోహిణి కార్తెలో ఎందుకు అరుస్తుందో ఈ లెక్కే చెబుతుంది.

కావలి నుంచి ఒకాయన సరిగ్గా ఇలాంటి పెట్టెనే నా దగ్గరికి తెచ్చారు. పేరున్న క్యాబినెట్, లోపల నల్లటి ఫోమ్, తలుపుకు అయస్కాంతపు పట్టీ. బిగింపులో తప్పేమీ కనిపించలేదు. వీడియో ఎడిటింగ్ పని నడుస్తుండగా ముందు ఫ్యాన్లు 1350 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర, ప్రాసెసర్ కూలర్ 1700 దగ్గర తిరుగుతున్నాయి. నేను తలుపు తెరిచి, లోపలి దుమ్ము జాలీ లాగి, పక్కన పెట్టాను. జాలీ మీద దుమ్ము కంబళిలా పేరుకొని ఉంది. పది నిమిషాలకు రెండూ 900 దరిదాపులకు దిగాయి. తలుపు తెరిచి ఉన్నప్పుడే యంత్రం నిశ్శబ్దంగా ఉండడం చూసి ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆయన కొన్నది చెడ్డ వస్తువు కాదు, చల్లని గదికి చేసిన వస్తువు.

ఫ్యాన్ల విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకుంటే మిగతా నిర్ణయాలన్నీ తేలికవుతాయి. ఒక ఫ్యాన్ వేగం సగానికి తగ్గితే అది తోసే గాలి సగమవుతుంది, కానీ దాని చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. అలాంటి ఫ్యాన్‌కు తోడుగా మరొకటి పెడితే గాలి మళ్లీ మొదటికి వస్తుంది, చప్పుడు మాత్రం 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. అంటే ఒకే ఫ్యాన్ వేగంగా తిరగడానికి బదులు రెండు ఫ్యాన్లు సగం వేగంతో తిరిగితే అంతే గాలికి 12 డెసిబెల్స్ లాభం. 10 డెసిబెల్స్ తగ్గితే మన చెవికి చప్పుడు సగమైనట్టు తోస్తుంది. ఫోమ్‌తో ఇంత లాభం నేనెప్పుడూ చూడలేదు. ఫోమ్ సన్నని, పదునైన శబ్దాలను కొంత పీల్చుకుంటుంది గానీ బొంగురు హోరును ఏమీ చేయలేదు. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ కంపనం సెకనుకు 120 సార్లు. గాలిలో ఆ ధ్వని తరంగం పొడవు దాదాపు 3 మీటర్లు. సెంటీమీటరు మందం ఫోమ్ దానికి అడ్డే కాదు.

ఎంత గాలి కావాలో కూడా చూద్దాం. యంత్రం లోపల 300 వాట్ల వేడి పుడుతూ ఉంటే, లోపలి గాలి గది గాలి కన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకుండా ఉండాలంటే నిమిషానికి సుమారు 55 ఘనపుటడుగుల గాలి ఆ పెట్టెలోంచి పోవాలి. అదే వేడి 100 వాట్లయితే 18 ఘనపుటడుగులు చాలు. అందుకే క్యాబినెట్ కన్నా ముందు ప్రాసెసర్ గురించి ఆలోచించమంటాను. పాఠాలు రికార్డు చేయడానికి, కత్తిరించి అతికించడానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. లోపలే గ్రాఫిక్స్ ఉన్న 65 వాట్ల తరగతి ప్రాసెసర్ తీసుకోండి. రైజెన్ 5 7600 అలాంటిదే. దాని నిజమైన గరిష్ఠ పరిమితి 88 వాట్లు. ఇంటెల్ వైపు కోర్ ఐ5 13400 తీసుకుంటే పెట్టె మీద 65 వాట్లు అని ఉన్నా టర్బోలో (వేగం పెంచుకున్నప్పుడు) 148 వాట్ల దాకా వెళ్లగలదు కాబట్టి, బయోస్‌లో పవర్ లిమిట్‌ను 65కు దించి వాడండి. వీడియో తయారవడానికి కాస్త ఎక్కువ సేపు పట్టవచ్చు, కానీ రికార్డింగ్ సమయంలో ఏ తేడా తెలియదు.

ఇప్పుడు క్యాబినెట్. ముందు భాగమంతా ఇనుప జాలీతో ఉండి, దాని వెనుక 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు కనీసం రెండు పట్టేది చూడండి. కోర్సేర్ 4000డీ ఎయిర్‌ఫ్లో, ఫ్రాక్టల్ మెషిఫై 2, లియాన్ లీ లాన్‌కూల్ 216 ఈ కోవలోనివి. చివరిదానికి ముందు వైపు 160 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు కంపెనీ నుంచే వస్తాయి కాబట్టి విడిగా ఫ్యాన్ల ఖర్చు తప్పుతుంది. మున్ముందు ఆ గదికి ఏసీ పెట్టించే ఆలోచన ఉంటే బీ క్వయట్ సంస్థ సైలెంట్ బేస్ 802 పరిశీలించదగినది. దానికి ముందు, పై భాగాలకు మూసి ఉండే పలకలు, జాలీ పలకలు రెండూ పెట్టెలోనే వస్తాయి, కాలాన్ని బట్టి మార్చుకోవచ్చు. ముందు అద్దం, అంచుల్లో సన్నని చీలికలు, రంగురంగుల లైట్ల ఫ్యాన్లు నాలుగైదు ఉచితం అని అమ్మే చౌక క్యాబినెట్లను మాత్రం దయచేసి కొనకండి. ఆ ఫ్యాన్లలో చాలావాటి తీగ మదర్‌బోర్డుకు కాక నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు తగులుతుంది. అవి ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి, తగ్గించే వీలే ఉండదు.

వీలైతే వస్తువును చేత్తో పట్టుకొని చూశాక కొనండి. నెల్లూరు నుంచి మేము ఉదయం రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లం. మీకు కాస్త దూరమైనా ఒక రోజు పని. అక్కడ పక్క పలకను ఊడదీసి, ఒక మూలను రెండు వేళ్లతో పైకెత్తి పట్టుకొని, మధ్యలో వేలి కణుపుతో కొట్టండి. రేకు డబ్బాలా ‘టంగ్’మని మోగి, ఆ మోత సాగుతూ ఉంటే అది పలచని రేకు, లోపల ఏది కదిలినా మోగుతుంది. చెక్క మీద కొట్టినట్టు ‘దబ్’మని ఆగిపోతే మంచిది. తర్వాత జాలీని కంటి ముందు పెట్టుకొని వెలుతురు వైపు చూడండి. అవతలి మనిషి ముఖం స్పష్టంగా కనిపించాలి. జాలీకి, ఫ్యాన్ రెక్కలకు మధ్య సెంటీమీటరుకు తక్కువ కాకుండా ఖాళీ ఉండాలి. గాలి పీల్చే వైపు రెక్కలకు మరీ దగ్గరగా ఏదైనా అడ్డం ఉంటే ఫ్యాన్ ఎంత మంచిదైనా గుర్రుమంటుంది.

క్యాబినెట్‌లో ప్రాసెసర్ కూలర్‌కు కనీసం 160 మిల్లీమీటర్ల ఎత్తు పట్టాలి. నోక్టువా ఎన్‌హెచ్-యూ12ఎస్ ఎత్తు 158 మిల్లీమీటర్లు. 65 వాట్ల ప్రాసెసర్‌కు అంత ఖరీదైనది అవసరం లేదు, నాలుగు హీట్‌పైపులు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న ఏ మామూలు టవర్ కూలర్ అయినా చాలు. ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే చిన్న కూలర్‌ను మాత్రం వాడకండి. నీళ్ల కూలర్ వైపు కూడా వెళ్లకండి. దాని పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, ఆ సన్నని గీ శబ్దాన్ని మైకు పట్టేస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ గురించి క్లుప్తంగా. 200 వాట్లు వాడుకునే యంత్రానికి 80 శాతం సామర్థ్యం ఉన్నదాన్ని పెడితే అందులోనే 50 వాట్ల వేడి పుడుతుంది. 90 శాతం ఉన్నదైతే 22 వాట్లే. గోల్డ్ తరగతి (దాదాపు 90 శాతం సామర్థ్యం ఉన్న) 550 వాట్లది తీసుకుంటే దాని ఫ్యాన్ మీ పనికి చాలావరకు ఊపిరి పీల్చినంత నెమ్మదిగానే తిరుగుతుంది. మీ ఇంట్లో ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే, కరెంటు పోయినప్పుడు సీలింగ్ ఫ్యాన్ మూలిగినట్టే ఎస్‌ఎంపీఎస్ కూడా జుమ్మనవచ్చు. అది ఎస్‌ఎంపీఎస్ లోపం కాదు, ఆ సమయంలో రికార్డు చేయకపోవడమే మార్గం.

బిగింపులో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది కంపనం మీద. మీరు రాసినదాన్ని బట్టి కంప్యూటర్ చెక్క బల్ల మీద ఉంది, మైకు స్టాండు కూడా అదే బల్ల అంచుకు బిగించి ఉంది. మైకుకు చప్పుడు గాలిలోంచే కాదు, బల్లలోంచి, స్టాండు కడ్డీలోంచి కూడా ఎక్కుతుంది. మీకు వినిపించే హోరు కన్నా రికార్డింగ్‌లో ఎక్కువ హోరు ఉందన్నారు కదా, కారణం బహుశా ఇదే. మొదట కంప్యూటర్‌ను బల్ల మీద నుంచి దింపండి. నేలమీద పెట్టేటప్పుడు చీమకుర్తి గ్రానైట్ ముక్కను వాడుకోమని నా సలహా. మీకు దగ్గరలోనే పాలిషింగ్ యూనిట్ల దగ్గర కోతలో మిగిలిన ముక్కలు దొరుకుతాయి. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న గెలాక్సీ రాయి ముక్క సుమారు 8 కిలోలు తూగుతుంది. దాని కింద నాలుగు మూలలా వాషింగ్ మెషీన్ కాళ్ల కింద వేసే రబ్బరు బిళ్లలు పెట్టి, పైన క్యాబినెట్ పెట్టండి. బరువైన రాయి చిన్న కంపనానికి కదలదు, కదిలినా ఆ కొంచెం కింది రబ్బరు తినేస్తుంది. రాయి మీద అరచేయి ఆనించి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. క్యాబినెట్ మీద జిమ్మున తగిలే వణుకు రాయి మీద ఉండదు.

పాత హార్డ్ డిస్క్‌ను ఉంచుకుంటానన్నారు. రికార్డింగ్ అంతా ఎస్‌ఎస్‌డీలోకి పోనిచ్చి, పాత పాఠాలు దాచిన డిస్క్‌ను యూఎస్‌బీ డబ్బాలో వేసి, కావలసినప్పుడే తగిలించుకోవడం అన్నిటికన్నా మంచిది. లోపలే ఉండాలంటే మర గట్టిగా బిగించవద్దు. నేను మొదట్లో అదే తప్పు చేశాను. మర ఎంత బిగిస్తే అంత కదలకుండా ఉంటుందనుకుని ఒక డాక్టరు గారి యంత్రంలో డిస్క్‌ను ఇనుప చట్రానికి బిగించేశాను. క్యాబినెట్ మొత్తం తుమ్మెదలా మోగింది. తర్వాత దర్జీల దగ్గర దొరికే అంగుళం వెడల్పు ఎలాస్టిక్ పట్టీలతో డిస్క్‌ను ఉయ్యాలలా వేలాడదీశాను, మోత పూర్తిగా పోయింది. ఇలా వేలాడదీస్తే క్యాబినెట్‌ను ఒక చోట నుంచి మరో చోటికి మోసే ముందు డిస్క్‌ను తప్పకుండా తీసేయాలి. మన వేడికి, ఉప్పుగాలికి ఎలాస్టిక్ సాగిపోతుంది కాబట్టి ఏటా మార్చాలి. ఫ్యాన్లకు వచ్చే రబ్బరు పిన్నులదీ అదే గతి. రెండు మూడు వేసవులు గడిచేసరికి గట్టిపడి తుంపులవుతాయి.

ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి తెచ్చేలా, వెనుక ఒకటి బయటికి పంపేలా పెట్టండి. మీ యంత్రానికి ఆ మూడు చాలు. పైభాగంలో ఖాళీలున్నాయి కదా అని అక్కడ కూడా ఫ్యాన్లు పెట్టించకండి. అక్కడ ముందు వైపున పెట్టిన ఫ్యాన్, అప్పుడే వచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ దాకా చేరనీయకుండా బయటికి లాగేస్తుంది. అన్నీ నాలుగు పిన్నుల ఫ్యాన్లే కొనండి. మూడు పిన్నులవి ఇప్పటికే ఉంటే బయోస్‌లో ఆ కనెక్టర్‌ను డీసీ పద్ధతికి మార్చాలి, లేకపోతే అవి పూర్తి వేగంతో తిరుగుతాయి. తీగలన్నీ మదర్‌బోర్డు పలక వెనక్కి లాగి కట్టండి. ఒక్క సన్నని తీగ రెక్కకు తగిలినా వచ్చే టిక్కుటిక్కు శబ్దం పాఠం వినేవాళ్లకు గడియారంలా వినిపిస్తుంది.

ఇక ఫ్యాన్ వేగాలు. ఆసుస్‌లో క్యూ-ఫ్యాన్ అనీ, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అనీ బయోస్‌లో ఈ అమరిక ఉంటుంది. చాలామంది దీన్ని తాకరు, నిజానికి సగం నిశ్శబ్దం ఇక్కడే ఉంది. ప్రాసెసర్ 65 డిగ్రీలకు చేరేదాకా ఫ్యాన్లన్నీ 30 శాతం దగ్గర కదలకుండా ఉంచండి. అక్కడి నుంచి 80 డిగ్రీలకు 60 శాతం, 90 డిగ్రీలకు పూర్తి వేగం చాలు. వేగం మారేముందు ఆలస్యం పెట్టే వీలుంటే ఎక్కువ సెకన్లు పెట్టండి. నిలకడగా ఉండే మెత్తని హోరును చెవి కాసేపటికి మరిచిపోతుంది, మైకు నుంచి తీసేయడమూ తేలికే. ఒక్కో క్లిక్కుకు పైకీ కిందికీ పోయే ఫ్యాన్ గొంతును మాత్రం ఎవరూ మరిచిపోలేరు. తర్వాత ఒక్కో ఫ్యాన్‌ను 50 ఆర్‌పీఎం చొప్పున పెంచుతూ వినండి. ప్రతి క్యాబినెట్‌లో ఏదో ఒక వేగం దగ్గర రేకు శృతి కలిపినట్టు మోగుతుంది. ఆ వేగాన్ని రాసిపెట్టుకొని, ఫ్యాన్ అక్కడ నిలవకుండా చూడండి. ఏప్రిల్ వచ్చాక ఈ డిగ్రీలన్నిటినీ ఐదేసి పైకి జరపండి. ప్రాసెసర్‌కు 80 డిగ్రీలు హాని కాదు, భయపడనక్కర్లేదు.

క్యాబినెట్‌ను గోడ మూలకు నెట్టకండి, బల్ల కింది చెక్క అరలో దూర్చకండి. మూలలో బొంగురు శబ్దం పెరుగుతుంది, అరలో వేడిగాలి తిరిగి లోపలికే పోతుంది. వెనుక జానెడు ఖాళీ ఉండాలి, మీకు మీటరు దూరంలో ఉండాలి. మైకు కార్డియాయిడ్ రకమైతే దాని వీపు కంప్యూటర్ వైపు ఉండేలా తిప్పండి, ఆ వైపు నుంచి అది తక్కువగా వింటుంది. దుమ్ము జాలీని మామూలు రోజుల్లో నెలకోసారి, వడగాలుల కాలంలో పదిహేను రోజులకోసారి కడిగి నీడలో ఆరబెట్టండి. బ్లోయర్‌తో లోపల ఊదించేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, వదిలేస్తే బేరింగు పాడై తర్వాత కరకరలాడుతుంది.

ఇవన్నీ చేశాక మీ గదిలో అన్నిటికన్నా పెద్ద చప్పుడు సీలింగ్ ఫ్యాన్‌దే అవుతుంది. దానికి కంప్యూటర్ వైపు నుంచి పరిష్కారం లేదు. మేడ గది తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు దాకా చల్లగా ఉంటుంది, రోడ్డు కూడా నిద్రపోతూ ఉంటుంది. వేసవిలో పాఠాలు ఆ వేళకు మార్చుకోగలిగితే ఫ్యాన్ ఆపినా ఓర్చుకోవచ్చు.

ఏదైనా కొనే ముందు ఈ రాత్రి ఒక పని చేయండి. తోటకు నీళ్లు పట్టే పైపు ముక్క రెండడుగులది తీసుకొని, ఒక కొన చెవికి పెట్టుకొని, రెండో కొనను నడుస్తున్న కంప్యూటర్ చుట్టూ జరపండి. ఎస్‌ఎంపీఎస్ వెనుక, ప్రాసెసర్ కూలర్ ఎదుట, హార్డ్ డిస్క్ పక్కన, ముందు ఫ్యాన్ల దగ్గర విడివిడిగా వినండి. పక్క పలక తీసినప్పుడు పైపును గానీ వేలిని గానీ రెక్కల్లో పెట్టకండి. హోరు ఎక్కడ ఎక్కువగా ఉందో, మీ పాత ఎస్‌ఎంపీఎస్ చీటీ మీద ఏం రాసి ఉందో నాకు తెలియజేస్తే, పాత సామానులో ఏది ఉంచుకోవచ్చో, ఏది మార్చాలో విడివిడిగా చెబుతాను. హోరంతా ఆ పాత డిస్క్‌దే అని తేలితే మీరు క్యాబినెట్ కొనే పనే ఉండకపోవచ్చు.